మేడమ్, కుర్చీ!

'ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు' అని మన సామెత. బాగా అలసిన మనిషికి పరుపు, దిండు అక్కర్లేదు, బండ మీద కూడా నిద్ర పడుతుందని దాని అర్థం. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఈ సామెతను సొంత వాక్యంలో వాడమని మా తెలుగు అయ్యవారు అడిగారు. "నా నిద్ర సుఖమే కాదు, సమయం కూడా ఎరగదు" అని రాశాను. ఆయన దాన్ని తరగతికంతా చదివి వినిపించారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వాక్యం తమాషా కాదని అప్పుడు ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

పిల్లలూ, మీలాగే నేనూ బదిలీల ఇంట్లో పెరిగినదాన్నే. మా నాయన రైల్వేలో స్టేషన్ మాస్టర్. రెండు మూడేళ్ళకోసారి ఊరు మారేది. ధర్మవరం, కడప, రేణిగుంట, గుంతకల్లు ఇలా తిరిగాం. సామాను మూటలు కట్టడం, కొత్త బడిలో చివరి బెంచీలో కూర్చోవడం, "నీ పేరేంటి, ఏ ఊరు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు అలవాటే. మీకూ అలవాటే కదా!

2000వ సంవత్సరంలో, ఏడో తరగతి చదువుతుండగా నాకు పగటి నిద్ర మొదలైంది. మామూలు కునుకు కాదు. రాత్రి తొమ్మిదింటికే పడుకుని ఆరింటికి లేచినా, పొద్దున మూడో పీరియడ్‌కల్లా రెండు రోజులు నిద్ర లేనిదానిలా కళ్ళు మూతలు పడేవి. చెంప గిల్లుకునేదాన్ని. నాలుక కొరుక్కునేదాన్ని. లేచి నిలబడి వింటానని అడిగేదాన్ని. నిలబడి కూడా నిద్రపోయేదాన్ని. విచిత్రం ఏమిటంటే, నిద్రలోనూ నా చెయ్యి నోట్సు రాస్తూనే ఉండేది. మొదటి రెండు వరుసలు గుండ్రంగా ఉండేవి. మూడో వరుస నుంచి అక్షరాలు చీమల బారులా కిందికి జారిపోయేవి. మెలకువ వచ్చాక నేను రాసింది నాకే అర్థమయ్యేది కాదు.

ధర్మవరం బడిలో నన్ను సోమరి అన్నారు. కడప బడిలో, ఇది రాత్రంతా కథల పుస్తకాలు చదువుతుందేమో అన్నారు. రేణిగుంటలో 'కుంభకర్ణుడి చెల్లెలు' అని పేరు పెట్టారు. అమ్మ మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఒకే మాట చెప్పేది, "నీళ్ళు మారాయి కదా, కొన్నాళ్ళకు సర్దుకుంటుంది" అని. సర్దుకునేలోగా మళ్ళీ బదిలీ వచ్చేది. మళ్ళీ నీళ్ళు మారేవి. ఒక డాక్టరు రక్తం తక్కువగా ఉందని ఐరన్ టానిక్ రాశారు. తాగాను. రక్తం పెరిగింది, నిద్ర తగ్గలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఒక విషయం తోస్తుంది. ఒకే బడిలో, ఒకే డాక్టరు దగ్గర ఐదేళ్ళు ఉండి ఉంటే ఎవరో ఒకరు, "ఈ పిల్ల ఏళ్ళ తరబడి ఇలాగే ఉందే, ఎందుకు?" అని అడిగేవాళ్ళేమో. ప్రతి బడీ నన్ను కొత్తగా చూసింది. ప్రతి బడీ కొత్తగా ఒక పేరు పెట్టి వదిలేసింది. బడి మారేటప్పుడు ఇచ్చే టీసీలో నా పుట్టిన తేదీ ఉంది, ప్రవర్తన 'సంతృప్తికరం' అని ఉంది. నిద్ర గురించి రాయడానికి అందులో గడి లేదు.

పద్నాలుగేళ్ళు వచ్చాక ఇంకో వింత మొదలైంది. సంక్రాంతి సెలవులకు అవ్వ వాళ్ళ ఊరికి వెళ్ళాం. మా చిన్నమామ ఏదో హాస్యమాడితే పగలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే మోకాళ్ళు పట్టు తప్పాయి. తల వాలిపోయింది. నడవాలో కుప్పకూలిపోయాను. స్పృహ మాత్రం పోలేదు. అవ్వ అరవడం, ఎవరో నీళ్ళు తెమ్మనడం, చెంబు కింద పడటం అన్నీ వినిపిస్తున్నాయి. నోరు మాత్రం పెగల్లేదు. అర నిమిషంలో అంతా మామూలైపోయింది. గాలి సోకిందని అవ్వ నాకు తాయెత్తు కట్టించింది. రాత్రిళ్ళు నిద్రలోకి జారేటప్పుడు గదిలో ఎవరో నడుస్తున్నట్టు, గుండెల మీద కూర్చున్నట్టు అనిపించేది. కదలలేకపోయేదాన్ని. ఆ సంగతి చెబితే ఇంకో తాయెత్తు కడతారని ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి నేను నవ్వడం తగ్గించాను. స్నేహితురాళ్ళు జోకులు చెప్పుకుంటుంటే పక్కకు తప్పుకునేదాన్ని. "దీనికి పొగరు" అనుకున్నారు. అదీ ఒక పేరే.

ఎలాగో చదువు పూర్తయింది. ఇంట్లో అందరూ పడుకున్నాక చదివితే లాభం లేదని, చిన్న చిన్న కునుకుల మధ్య చదివాను. తెలుగు టీచర్ ఉద్యోగం వచ్చింది. నాయన బదిలీలు అయిపోయాయి, నా బదిలీలు మొదలయ్యాయి. 2014లో, నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు, పరీక్ష పేపర్లు దిద్దుతూ నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఒక పిల్లవాడి జవాబు పత్రం మీద నా ఎర్ర కలం గీత పై నుంచి కింది దాకా పాకి ఉంది. ఇంతకాలం నా చదువే పాడైంది, ఇప్పుడు ఇంకొకరి మార్కులు పాడవుతాయని భయం వేసింది. ఆ వేసవి సెలవుల్లో బెంగళూరు వెళ్ళి ఒక న్యూరాలజిస్టును కలిశాను.

ఆయన నన్ను ముందు అడిగిన ప్రశ్న ఇది: "నవ్వినప్పుడు కాళ్ళలో బలం పోతుందా?" నా జీవితంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అక్కడే ఏడ్చేశాను.

ఆ రాత్రి ఆసుపత్రిలోనే పడుకోబెట్టి, తలకూ కళ్ళ పక్కనా గడ్డానికీ వైర్లు అతికించి నా నిద్రను నమోదు చేశారు. మర్నాడు రెండు గంటలకోసారి, మొత్తం ఐదుసార్లు, చీకటి గదిలో పడుకోమన్నారు. ప్రతిసారీ ఇరవై నిమిషాలు గడువు. ఆ గడువులో ఎంతసేపటికి నిద్ర పడుతుందో చూస్తారు. సగటున ఎనిమిది నిమిషాల్లోపే నిద్ర పట్టి, కనీసం రెండుసార్లు వెంటనే కలల నిద్ర వస్తే అనుమానం బలపడుతుంది. నాకు సగటున మూడు నిమిషాలు పట్టింది. ఐదింట్లో నాలుగుసార్లు కలలొచ్చాయి. "మీది సోమరితనం కాదమ్మా, నార్కోలెప్సీ" అన్నారు డాక్టరు. జబ్బు ఉందని చెబితే సంతోషపడ్డ మనిషిని ఆయన ముందెప్పుడైనా చూశారో లేదో!

నార్కోలెప్సీ అంటే ఏమిటో నాయన ఉద్యోగంతో పోల్చి చెబుతాను. స్టేషన్‌లో బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారాలంటే పాయింట్లు మార్చాలి. మార్చాక అవి కదలకుండా గట్టిగా పట్టి ఉంచాలి. మన మెదడులోనూ మెలకువ ఒక పట్టా, నిద్ర ఒక పట్టా, కలల నిద్ర ఇంకో పట్టా. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగంలో ఒరెక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలుంటాయి. కోట్లాది మెదడు కణాల్లో ఇవి కొన్ని పదుల వేలు మాత్రమే. అవే మన పాయింట్స్‌మన్లు. పగలంతా మెలకువ పట్టా కదలకుండా కాపాడతాయి. నాలాంటి వాళ్ళలో ఈ కణాలు దాదాపుగా నశించిపోతాయి. క్రిముల మీద పోరాడాల్సిన మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున వీటిని చంపేస్తుందని శాస్త్రజ్ఞులు బలంగా అనుమానిస్తున్నారు. అప్పుడు బండి తనంతట తనే పట్టాలు మారుతుంది. పగలు నిద్ర చొరబడుతుంది, రాత్రి నిద్ర ముక్కలు ముక్కలవుతుంది.

మామూలుగా కలల నిద్ర రావడానికి గంటన్నర దాకా పడుతుంది. కలలో పరుగెత్తినా మంచం దిగి పరుగెత్తకుండా, ఆ సమయంలో మెదడు ఒంట్లో కండరాలను వదులు చేసేస్తుంది. ఆ వదులు మెలకువలో ఉండగానే వచ్చేస్తే నేను నడవాలో పడిపోయినట్టు అవుతుంది. దాన్ని కేటాప్లెక్సీ అంటారు. నవ్వు, ఆశ్చర్యం, పట్టరాని సంతోషం దాన్ని తెప్పిస్తాయి. నార్కోలెప్సీ ఉన్న అందరికీ ఇది రాదు. గుండెల మీద కూర్చున్న దయ్యం కూడా ఇదే. కళ్ళు తెరుచుకున్నా కల ఇంకా అయిపోలేదన్న మాట. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కూడా అలా అప్పుడప్పుడు జరగవచ్చు. కాబట్టి మీలో ఎవరికైనా అలా అయితే భయపడకండి.

ఈ జబ్బుకు 1880లో జెలినో అనే ఫ్రెంచి వైద్యుడు పేరు పెట్టాడు. కారణం తెలియడానికి ఇంకో నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ కారణం తెలుసుకోవడంలో కుక్కలు సాయపడ్డాయంటే నమ్ముతారా? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నార్కోలెప్సీ ఉన్న డాబర్‌మన్, లాబ్రడార్ కుక్కలను పెంచారు. ఇష్టమైన తిండి పెడితే అవి సంతోషం పట్టలేక కాళ్ళు మడిచి పడిపోయేవి. ఆ సంగతి చదివినప్పుడు, నా బాధ తెలిసిన ప్రాణి ఒకటి ఉందని నాకు ఎంత ధైర్యం వచ్చిందో! 1998లో రెండు బృందాలు విడివిడిగా ఒకే పదార్థాన్ని కనిపెట్టాయి. ఒకరు దానికి హైపోక్రెటిన్ అని, ఇంకొకరు ఒరెక్సిన్ అని పేరు పెట్టారు. ఆ కుక్కల్లో లోపం ఎక్కడుందో 1999లో తేలింది. ఈ పరిశోధనలు చేసిన వారిలో ఇమ్మాన్యుయెల్ మిన్యో, మసాషి యానగిసావా అనే ఇద్దరికి 2023 సంవత్సరపు బ్రేక్‌త్రూ బహుమతి వచ్చింది.

నార్కోలెప్సీని పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు. మెలకువగా ఉంచే మందు పొద్దున వేసుకుంటాను. మధ్యాహ్నం అన్నం తక్కువ తింటాను. విరామంలో ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని పడుకుంటాను. స్కూటర్ నడపను. పొయ్యి మీద పాలు పెట్టి కూర్చోను, నిలబడే ఉంటాను. ఇంతే నా వైద్యం. దీంతో నేను రోజుకు ఐదారు పీరియడ్లు హాయిగా పాఠం చెబుతున్నాను.

ఇక్కడితో ఆపితే నా కథ బాగానే ఉంటుంది. కానీ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

జబ్బు పేరు తెలిశాక కూడా నేను దాన్ని దాచాను. కొత్త ఊరు, కొత్త స్టాఫ్ రూమ్. 'నిద్రపోయే టీచర్' అంటారని భయం. లైబ్రరీలో చివరి బీరువా వెనక దొంగతనంగా పడుకునేదాన్ని. తలనొప్పి అని అబద్ధం చెప్పేదాన్ని. అలాంటి రోజుల్లో, నేను పనిచేసిన ఒక బడిలో, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వరసగా మూడు రోజులు నా పీరియడ్‌లో నిద్రపోయింది. మూడో రోజు ఆమెను లేపి, "ఇది పడక గది కాదు" అని గుమ్మం దగ్గర నిలబెట్టాను. తరగతి నవ్వింది. ధర్మవరంలో నా మీద నవ్విన నవ్వే అది. లోకంలో ఎవరు ఆ మాట అన్నా నేను అనకూడదు. అయినా అన్నాను. ఎందుకంటే నిద్ర మీద కఠినంగా ఉంటే నన్ను ఎవరూ అనుమానించరని నా మనసులో ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు నిద్ర పట్టకపోవడం ఏమిటని మీరు నవ్వవచ్చు, కానీ నిజం.

మర్నాడు ఆమెను పిలిచి అడిగాను. వాళ్ళ నాన్న సైన్యంలో, సరిహద్దు దగ్గర ఉన్నాడు. కుటుంబాన్ని అక్కడికి తీసుకెళ్ళడానికి వీల్లేదు. అమ్మ నర్సు, ఆ వారం నైట్ డ్యూటీ. తమ్ముడికి ఆయాసం. "వాడికి రాత్రి ఊపిరాడకపోతే ఇన్‌హేలర్ ఇవ్వాలి మేడమ్. నేను పడుకుంటే వాడు పిలిచినా వినపడదేమోనని..." అంది. ఆమెకు ఏ జబ్బూ లేదు. పదమూడేళ్ళ పిల్ల, రాత్రంతా కాపలా కాసి పొద్దున బడికి వస్తోంది. నేను ఆమెను గుమ్మంలో నిలబెట్టాను.

ఆ రోజు పాఠం చెప్పలేదు. ముందు తరగతి ముందే ఆమెకు "తప్పు నాది" అని చెప్పాను. ఆమె సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, అది ఆమె ఇంటి విషయం. తర్వాత నా సంగతి చెప్పాను. మొత్తం చెప్పాను. కుంభకర్ణుడి చెల్లెలు, తాయెత్తు, బీరువా వెనక నిద్ర, నవ్వితే కూలిపోవడం. తరగతి నిశ్శబ్దంగా ఉంది. చివరి బెంచీలో ఒక కుర్రాడు లేచాడు. "అయితే మేడమ్, ఇక నుంచి మేం జోకులేస్తే పోలీసు కేసవుతుందా?" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. మోకాళ్ళు సడలాయి. బల్ల పట్టుకున్నాను, గడ్డం వాలిపోయింది. ఆ నిద్రపోయిన అమ్మాయే పరుగున వచ్చి నా వెనక కుర్చీ వేసింది. కూర్చోబెట్టింది. ఎవరూ అరవలేదు. ఎవరూ నీళ్ళు చల్లలేదు. అర నిమిషం తర్వాత తలెత్తి చూస్తే నలభై మంది నా వైపే చూస్తున్నారు. "అంతే. అయిపోయింది" అన్నాను. "అంతేనా!" అన్నారు.

అప్పటి నుంచి ఆ తరగతిలో ఒక ఆచారం ఏర్పడింది. ఎవరైనా జోకు చెప్పాలనుకుంటే ముందు "మేడమ్, కుర్చీ!" అనేవారు. నేను కూర్చున్నాక చెప్పేవారు. పద్నాలుగేళ్ళ వయసు నుంచి నవ్వుకు దూరంగా ఉన్నదాన్ని, ఆ ఏడాది కడుపారా నవ్వాను. ప్రిన్సిపాల్ గారికి కూడా నేనే వెళ్ళి చెప్పాను. ఆయన స్టాఫ్ రూమ్ మూలన ఒక పడక కుర్చీ వేయించారు. ఇన్నాళ్ళూ నేను భయపడింది జరగనే లేదు. ఆ అమ్మాయి వాళ్ళ అమ్మతో మాట్లాడితే, పక్క క్వార్టర్‌లో ఉండే ఆవిడ నైట్ డ్యూటీ రోజుల్లో పిల్లలకు తోడుగా పడుకుంటానని ముందుకొచ్చింది. అడగకపోవడం వల్లే ఆగిన పని అది.

ఏటా సెప్టెంబరు 22న ప్రపంచ నార్కోలెప్సీ దినం జరుపుతారు. 2019లో మొదలైంది. ఏ ఊళ్ళో ఉన్నా ఆ రోజు ప్రార్థన సమావేశంలో ఐదు నిమిషాలు ఈ విషయం మాట్లాడతాను. అమెరికా, యూరప్ లెక్కల ప్రకారం దాదాపు 2000 మందిలో ఒకరికి ఇది ఉండవచ్చు. చాలామందికి మీ వయసులోనే మొదలవుతుంది. పేరు తెలియడానికి ఏళ్ళు పడుతుంది. నాకు పద్నాలుగేళ్ళు పట్టింది.

తరగతిలో కునికే ప్రతి ఒక్కరికీ నార్కోలెప్సీ ఉందని అనుకోకండి. మీ వయసులో రాత్రి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఫోను చూస్తూ ఒంటిగంటకు పడుకుంటే పగలు నిద్ర రాక ఏమవుతుంది? అయితే రాత్రి సరిగ్గా పడుకున్నా నెలల తరబడి పగలు నిద్ర ఆగకపోతే, నవ్వితే మొహమో మోకాళ్ళో జారిపోతే, ఇంట్లో చెప్పండి, నిద్ర గురించి తెలిసిన డాక్టరుకు చూపించమనండి. ఎన్నింటికి పడుకున్నారో, పగలు ఎప్పుడు నిద్రొచ్చిందో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. బదిలీ వస్తే ఆ పుస్తకాన్ని సామానులో కాదు, మీ బడి సంచిలో పెట్టుకోండి. టీసీలో లేని గడి అదే. కొత్త ఊళ్ళో కొత్త డాక్టరు మొదటి పేజీ నుంచి చూడగలుగుతారు.

పక్కవాళ్ళు నిద్రపోతే వీడియో తీయకండి, పేరు పెట్టకండి. "రాత్రి నిద్రపోలేదా? ఇంట్లో అంతా బాగున్నారా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఎంత పని చేస్తుందో నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఆ బడి నుంచి నాకు బదిలీ వచ్చిన రోజు పిల్లలు వీడ్కోలు సభ పెట్టారు. అందరూ ఏడుపు మొహాలతో ఉన్నారు. మైకు దగ్గరకు ఆ చివరి బెంచీ కుర్రాడు వచ్చాడు. మాట్లాడకుండా నా వైపు చూసి, "మేడమ్, కుర్చీ!" అన్నాడు.

నేను కూర్చున్నాను.